ఇంటి పెత్తనం తొమ్మిదో తరగతికి

మాస్టారు గారికి,

వయసులో పెద్దవాణ్ణి కాబట్టి ఆశీస్సులు, చదువులో చిన్నవాణ్ణి కాబట్టి నమస్కారాలు. రెండూ కలిపి పుచ్చుకోండి.

తల్లిదండ్రులందరికీ మీరు పంపిన కాగితం అందింది. "తొమ్మిదో తరగతి పిల్లల వ్యక్తిత్వం ఎదగాలంటే ఇంట్లో ఒక బాధ్యత పూర్తిగా వాళ్లకే వదిలేయండి. మధ్యలో కలగజేసుకోవద్దు. ఎవరొచ్చి ఏం చెప్పినా వెనక్కి తీసుకోవద్దు" అని రాశారు. ఎంత మాట! కళ్లు చెమర్చాయి.

మా అమ్మాయి సంగతి మీకు తెలిసిందే. లేక లేక, నా జుట్టు నెరిశాక పుట్టింది. నోట్లో నాలుక లేదు. తోటిపిల్ల దాని గొడుగు పట్టుకుపోతే వానలో తడుస్తూ వస్తుందే గానీ, "ఇటివ్వు" అనదు. మా వీధిలో దాన్ని 'మాటల పిసినారి' అంటారు. నేనా, రాలబోయే పండుని. కన్ను మూసేలోగా అది ఎవరికైనా సరే "కుదరదు" అని చెప్పగా వినాలి. అదొక్కటే నా కోరిక.

అందుకే నిన్న తాళాల కొట్టు కట్టేసి ఇంటికి రాగానే, తాళంచెవుల గుత్తి దాని చేతిలో పెట్టి, "ఇకమీదట ఈ ఇంటి పెత్తనం నీదే తల్లీ" అన్నాను.

పట్టరాని సంతోషంతో,
తాళాల కొట్టు పెద్దాయన

తా.క.: మా ఆవిడ "ముందు నన్నొక మాట అడగొద్దూ?" అంది. "నాతో ఏం లాభం? వెళ్లి ఇంటిపెద్దతో చెప్పుకో" అన్నాను.

*

పెద్దాయన గారికి నమస్కారం.

బాధ్యత అంటే మంచినీళ్లు పట్టడమో, పక్కలు సర్దడమో అనుకుని రాశానండీ. ఇల్లు మొత్తం కాదు! పసిపిల్ల మోయలేదు. దయచేసి వెంటనే వెనక్కి తీసుకోండి.

కంగారుతో,
క్లాసు మాస్టారు

తా.క.: ఇవాళ పక్కపిల్ల పెన్సిలు లాక్కోబోతే మీ అమ్మాయి "రాసుకుంటున్నా, ఆగు" అంది. కాకతాళీయం అయ్యుంటుంది.

*

మాస్టారు గారికి,

అబ్బో, గడుసువారే! ఎవరొచ్చి చెప్పినా వినొద్దని మీరే రాసి, ఇప్పుడు మీరే వచ్చి చెబుతున్నారా? నాకు పరీక్ష పెడుతున్నారని ఇట్టే పసిగట్టాను. చదువు తక్కువే గానీ బుర్ర తుప్పు పట్టలేదు. పట్టు వదలను.

ఇక శుభవార్త. మొన్న మూడో టీ అడిగితే, "కుదరదు నాన్నా, నీకు నిద్ర పట్టదు" అంది. అంది మాస్టారూ, నాతోనే అంది! టీ లేకపోయినా ఆ ఆనందానికే నిద్ర పట్టలేదు.

అసలు సంగతి ఇది. మా బావమరిది, వాళ్లింటి కప్పు కారుతోందని రెండ్రోజులుండి పోదామని వచ్చాడు. కప్పు ఎప్పుడో బాగుపడింది, ఆయన కదల్లేదు. ముందుగదిలో మంచమెక్కి రేడియో పెట్టుకుంటాడు. పిల్లేమో వంటింట్లో పొయ్యి పక్కన కూర్చుని చదువుకుంటుంది. నాకూ మా ఆవిడకీ చెప్పే ధైర్యం లేదు. నిన్న ఇది తిన్నగా వెళ్లి, "మామయ్యా, ఆదివారంలోగా గది ఖాళీ చెయ్యి. నేను చదువుకోవాలి" అంది. తాళంచెవుల గుత్తి గట్టిగా పట్టుకుంది.

ఉబ్బితబ్బిబ్బై,
తాళాల కొట్టు పెద్దాయన

తా.క.: పిల్లకి ఇదంతా ఎవరు నేర్పారని మా బావమరిది నిలదీశాడు. దాచడమెందుకని మీ స్కూలుకి దారి చెప్పాను.

*

పెద్దాయన గారికి,

వచ్చారు. పరుపుచుట్టతో సహా వచ్చారు. టీచర్ల గదిలో పడక్కుర్చీ ఆక్రమించి, అందరి టీలూ తాగుతూ నా పెంపకం బాగాలేదంటున్నారు. హెడ్మాస్టరు గారు నన్ను పిలిపించారు.

ఇది చాలదన్నట్టు, వార్షికోత్సవానికి 'ధైర్యం' మీద నేను రాసిచ్చిన ఉపన్యాసం చెప్పనని మీ అమ్మాయి కాగితం తిరిగిచ్చేసింది. వేడుకుంటున్నాను, పెత్తనం వెనక్కి తీసుకోండి.

మీ శ్రేయోభిలాషి,
క్లాసు మాస్టారు

తా.క.: ఇది పరీక్ష కాదు. ఒట్టు.

*

మాస్టారు గారికి,

పరీక్ష పెట్టేవాళ్లెవరైనా ఇది పరీక్ష అని చెప్పి పెడతారా? నేను చలించను.

ఉపన్యాసం ఎందుకు వద్దన్నావే అంటే, "మాస్టారు బాగానే రాశారు నాన్నా. కానీ అవి ఆయన మాటలు. నావి నేనే రాసుకుంటా" అంది. ఎన్నాళ్లుగానో బిగుసుకుపోయిన తాళంలో చెవి తిరిగితే టక్కుమని ఒక చప్పుడొస్తుంది. నా బతుకంతా ఆ చప్పుడు విన్నాను గానీ, ఇంత తియ్యగా ఎప్పుడూ వినలేదు. మీ చేతి చలవ!

మీకు రుణపడ్డ,
తాళాల కొట్టు పెద్దాయన

తా.క.: మా బావమరిది రేడియో కూడా పట్టుకుపోయాడు. ఎవరో పుణ్యాత్ముడు చోటిచ్చాడట. ఆ అమాయకుడెవరో పాపం!

*

పెద్దాయన గారికి,

ఆ అమాయకుణ్ణి నేనే.

"ఈ ఒక్క రాత్రికి" అన్నారు. కాదనలేకపోయాను. ఇప్పుడాయన నా మంచం మీద, నేను చాప మీద. హెడ్మాస్టరు గారికీ కాదనలేకే డ్రిల్లు, లైబ్రరీ, గంట కొట్టడం అన్నీ నా నెత్తినే పడ్డాయి. నాకు చేతకానిది పిల్లలకైనా రావాలనే ఆ కాగితం రాశాను.

నిన్న సభలో మీ అమ్మాయి నాలుగే ముక్కలు మాట్లాడింది. "నాకు భయం వేస్తోంది. అయినా నిలబడ్డాను" అంటూ మొదలుపెట్టింది. హాలు హాలంతా చెవులు రిక్కించింది. మీరు నా మాట వినకపోవడమే మంచిదైంది.

ఒక్క సాయం చేయండి. ఆదివారం మీ అమ్మాయిని ఒక్కసారి మా ఇంటికి పంపుతారా?

దిక్కుతోచని,
క్లాసు మాస్టారు

తా.క.: సభలో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది మీ బావమరిదే. "నా మేనకోడలు" అని ముందువరసంతా చాటుకున్నారు.

*

మాస్టారు గారికి,

మీ ఉత్తరం చదివి వినిపించాను. మా అమ్మాయి, "కుదరదు నాన్నా. ఆయన ఇల్లు, ఆయనే చెప్పుకోవాలి" అంది. నా గుండె గుభేలుమంది. మాస్టారికే కుదరదంటుందా అని! అంతలోనే, "నేను వచ్చి గేటు దగ్గర నిలబడతా. ఆయన మధ్యలో ఆగిపోతే తలుపు తడతా" అంది.

కాబట్టి ధైర్యంగా ఉండండి. మాట మీది, తోడు మాది. ఆదివారం పొద్దున్నే వస్తుంది. నేను రాను. నాకు జాలెక్కువని ఇంటిపెద్ద వద్దంది.

నేల మీద కాలు నిలవని,
తాళాల కొట్టు పెద్దాయన

తా.క.: మా బావమరిదితో మీరు అనబోయే మాటలు ముందుగా కాగితం మీద రాసి పంపమంది. దిద్ది ఇస్తుందట. "దయచేసి", "వీలైతే", "మీకు ఇబ్బంది లేకపోతే" అని ఎక్కడ కనబడినా ఎర్రసిరాతో కొట్టేస్తానని ముందే చెప్పమంది.