వెడల్పు లేని గీత

బెజవాడ, 1946, శ్రావణ మాసం, గురువారం

మా బడి హెడ్మాస్టరుగారు లెక్కల మాటలకు రాసిమ్మన్న తెలుగు నిర్వచనాలు ఇంకా పూర్తి కాలేదు. అంకగణితంలో సున్న, బీజగణితంలో చలరాశి అయిపోయాయి. రేఖాగణితంలో గీత దగ్గర ఆగిపోయాను.

కిందటేడు మగ్గం పక్కన కూర్చుని నాన్నకు ఈ నిర్వచనమే చదివి వినిపించాను. "గీత అంటే పొడవే గాని వెడల్పు లేనిది." నాన్న పకపకా నవ్వారు. "వెడల్పు లేని పోగు ఏ మగ్గం మీద నేస్తార్రా? ఎంత సన్న నూలుకైనా వెడల్పుంటది." నాకు ఒళ్ళు మండింది. "చదువుకోనివాళ్ళకు ఇది అర్థం కాదులే" అన్నాను. ఆ తర్వాత ఆయన నా లెక్కల ఊసెత్తలేదు.

ఈ సాయంత్రం మగ్గం మీద పడుగులో నిలువు పోగు ఒకటి తెగింది. తెగిన కొసలు రెండూ పట్టి అతకడం నాన్నకు క్షణం పని. ఇవాళ పక్క పోగుకు అతికారు. విప్పి, మళ్ళీ తప్పే అతికారు. అమ్మ లాంతరు దగ్గరగా పట్టింది.

"దీపం తీసెయ్యవే, దాంతో పన్లేదు" అన్నారు. ఆయనకు చూపు పోవడం మొదలై ఎన్నాళ్ళయిందో! నాతో ఒక్క మాట అనలేదు.

నన్ను పిలిచి, పోగు మీద వేలు జరుపుతూ అన్నారు: "ఒరే, నీ గీత దొరికిందిరా. పొడుగు వేలికి తెలుస్తంది. వెడల్పు మాత్రం కనపట్టంలా."

నవ్వుతూనే అన్నారు.

రేపు కాగితాలు ఇచ్చెయ్యాలి. ఆ నిర్వచనం నాకు నోటికి వచ్చు. రాయడానికే చెయ్యి రావడం లేదు.