అమ్మ బొటనవేలు

జులై 7, సోమవారం

రెండు చోట్లా సీటొచ్చింది. విశాఖ ఒకటి, హైదరాబాద్ ఒకటి. రెండూ ఎం.ఏ. ఎకనామిక్స్. రెండూ గవర్నమెంటు యూనివర్సిటీలే, మా కోటబొమ్మాళి మొత్తం తెచ్చి ఒక మూలన పెట్టినా ఇంకా చోటు మిగిలేంత పెద్దవి. నాలుగేళ్లుగా జీడి ఫ్యాక్టరీలో పప్పుకి తొక్క తీస్తూ, డిగ్రీ ప్రైవేటుగా కట్టి, పాత పుస్తకాలతో తెచ్చుకున్న సీట్లు. కోచింగ్ లేదు. ఎవడూ చెప్పలేదు.

సంతోషం రావాలి. చిరాకొస్తోంది. జులై 30 లోపు తేల్చాలి. టీసీ ఒక్కటే ఉంది. ఒకచోట ఇస్తే రెండోది పోయినట్టే.

జులై 8

నెట్ సెంటర్లో త్రినాథ్ బావ రెండు సిలబస్‌లూ ప్రింట్ తీశాడు. ఎకనామిక్స్ సదివితే ఏటొస్తాదే, జీడిపప్పు రేటు తగ్గుతాదేటి అని ఎగతాళి. రేటు ఎవడు పెడతన్నాడో తెలుస్తాది అన్నాను.

విశాఖలో అన్నీ కొంచెం కొంచెం ఉన్నాయి. బ్యాంకు పరీక్షలకు పనికొస్తాయట. హైదరాబాద్‌లో కూలి రేట్ల మీదే ఒక పేపర్ మొత్తం ఉంది. కిలో పప్పు తీస్తే మాకెంత, షాపులో ఎంత, మధ్యలో తిన్నదెవరు? నాకు కావలసింది అదే. ఆ పేజీ నాలుగుసార్లు చదివాను.

జులై 11

ఖర్చు. విశాఖ అయితే ఫీజూ హాస్టలూ ప్రభుత్వ పథకం కిందకి వస్తాయి. చేతి నుంచి దాదాపు ఏమీ పడదు. ఆదివారం రైలెక్కి ఇంటికి రావచ్చు. హైదరాబాద్ వేరే రాష్ట్రం, పథకం లేదు. ఫీజు తక్కువే గానీ మెస్ బిల్లు నెలనెలా. నా పోస్టాఫీసు పుస్తకంలో ఉన్నది మొదటి సెమిస్టర్ దాకా వస్తుంది. ఆ తర్వాత గోడ.

ఏది మంచిదే అని అమ్మ అడిగింది. రెండూ మంచివే అన్నాను. అయితే కర్సు లేందే మంచిది అంది. నోరు మూసుకున్నాను. ఫ్యాక్టరీలో నా నోటికి సూపర్‌వైజర్ కూడా జడుస్తాడు. అమ్మ దగ్గర మూసుకున్నాను.

జులై 14

విశాఖకి ఆ పథకం రావాలంటే తల్లి వేలిముద్ర పడాలట. అమ్మని గ్రామ సచివాలయానికి తీసుకెళ్లాను.

అమ్మ ఇరవై ఏళ్లుగా అదే ఫ్యాక్టరీలో జీడి పిక్కలు కొడుతోంది. పిక్కలో రసం చర్మాన్ని కాల్చేస్తుంది. నేను తొక్క తీసే దగ్గర కాబట్టి నా వేళ్లు బతికాయి. అమ్మ వేళ్ల మీద గీతలు లేవు. నల్లగా, నున్నగా ఉంటాయి. రేషన్ బియ్యానికి ఎప్పుడూ నాన్న వేలే.

పది వేళ్లూ పెట్టింది. పదిసార్లూ ఎర్ర లైటు. అక్కడ పనిచేసే ఉష మంచిదే, పిన్నీ నొక్కు, ఇంకా నొక్కు అంటూనే ఉంది. ఇంకా నొక్కితే నీ మెషీను ఇరుగుతాదే అంది అమ్మ. కంటి మెషీన్ లేదా అంటే, మండలానికి ఒకటుంది, అది రిపేరట. పదిహేను దినాలు పిక్కలు ముట్టకు పిన్నీ, సర్మం వస్తాది, అప్పుడు పడతాది అని చెప్పింది ఉష.

పదిహేను రోజుల కూలి పోగొట్టుకుంటే గానీ మా అమ్మ మా అమ్మేనని ఆ డబ్బా నమ్మదు.

జులై 15

అమ్మ పని మానేసింది. ఫ్యాక్టరీ షావుకారు సీతారామారావు అందరి ముందూ, ఏటి దాలమ్మా, సేతులు సూసుకోడానికి సెలవేటి, నువ్వొచ్చేసరికి నీ పీట ఖాళీగా ఉంటాదని నాను సెప్పలేను అన్నాడు. లేకపోతే ఇంటికాడ నుంచి పీట నానే తెచ్చుకుంటాను బాబూ అంది అమ్మ. ఆడవాళ్లంతా నవ్వారు. నాకు నవ్వు రాలేదు. గ్లవ్స్ ఇమ్మంటే పప్పు విరుగుతుందన్న మనిషి ఇతను.

జులై 17

అమ్మ చేతులకి పొద్దున వెన్న, సాయంత్రం కొబ్బరినూనె. గోరింటాకు పెట్టుకున్నదానిలా వేళ్లు చాపి గుమ్మంలో కూర్చుంటోంది. అన్నం కలిపి పెడతానన్నాడు నాన్న. సిగ్గునేదా అని తిట్టింది. రెండో ముద్దకి నోరు తెరిచింది.

నాకు హైదరాబాద్ కావాలి. రాస్తే ఎంత తేలిక!

జులై 20

ఈ రోజు చెబుతాను.

జులై 21

చెప్పలేదు.

జులై 25

ఒక రోజు కూలి వదులుకుని విశాఖ వెళ్లి చూసొచ్చాను. ఇష్టపడదామనే వెళ్లాను. చెట్లు, సముద్రపు గాలి, పెద్ద లైబ్రరీ. క్యాంటీన్‌లో ఒక అమ్మాయి అడక్కుండానే డిపార్ట్‌మెంట్ దాకా తీసుకెళ్లి చూపించింది. వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు. అక్కడే ఒళ్లు మండింది. ఏదో ఒకటి బాగాలేకపోతే ఇంటికొచ్చి అదే చెబుదును కదా.

రైల్లో కూర్చోలేక తలుపు దగ్గరే నిలబడి వచ్చాను.

జులై 29, మంగళవారం

సచివాలయంలో అమ్మ కుడి బొటనవేలికి మూడోసారి పచ్చ లైటు వెలిగింది. ఉష చప్పట్లు కొట్టింది. అమ్మ తన వేలి వైపు చూసుకుంది, తర్వాత నా వైపు చూసింది. ఉష సబ్మిట్ నొక్కబోయింది. ఆగమన్నాను. హైదరాబాద్ వెళ్తాను అన్నాను.

క్యూలో వాళ్లందరూ ఇటు తిరిగారు. ఒసే, నా కూలంతా పోనాక సెప్తావేటే, ఇన్నాళ్లూ నోట్లో ఏటెట్టుకున్నావే అంది అమ్మ. నువ్వు అడగలేదు అని అరిచాను. నానడిగినాను, రెండూ మంచివే అన్నావు అంది. అవును.

అక్కడేటున్నాది అని అడిగింది. కూలి రేటు ఎవరు పెడతారో చెబుతారు అన్నాను. షావుకారు పెడతాడు, దానికి హైదరాబాదెందుకే అంది. ఉష నవ్వేసింది. షావుకారుకి ఎవరు పెడతన్నారు అన్నాను. అమ్మ వేలికంటిన నూనె కొంగుకి తుడుచుకుంది. తర్వాత, మెస్సు బిల్లుకి నన్నడక్కు అంది. అడగను అన్నాను. అడిగినా ఇవ్వను అంది. మా ఇంట్లో ఒప్పుకోవడం అంటే అదే.

లేచి, ఏలు పడతన్నాది కదా, బేంకు మెషీన్లో నా డబ్బులు నానే తీసుకోవచ్చా అని ఉషని అడిగింది. తీసుకోవచ్చు పిన్నీ అంది ఉష. అమ్మ నాకోసం ఆగకుండా వెళ్లిపోయింది.

జులై 30

ఫీజు కట్టేశాను. ఓటీపీ రెండుసార్లు తప్పు కొట్టాను. హైదరాబాద్.

ఆగస్టు 24, హాస్టల్

నాన్న ఫోన్ చేశాడు. అమ్మకి ఫ్యాక్టరీలో మళ్లీ పీట దొరికిందట. కుడి బొటనవేలికి గుడ్డ చుట్టుకుని నాలుగు వేళ్లతో పిక్కలు కొడుతోందట. రోజుకి కిలో పప్పు తగ్గుతోందట. ఎవరు చెప్పినా గుడ్డ విప్పదట. రేషన్ షాపుకి ఇప్పుడు తనే వెళ్తోందట. నాన్నని వెనకాల కూడా రానివ్వడం లేదట.