చెట్టుకు కొట్టిన బోర్డు

నాయనా,

నువ్వు పోయి ఈరోజుకు మూడేళ్లు. పొద్దున నీ సమాధి దగ్గర కూడు పెట్టి వచ్చేసరికి, మామిడి గుజ్జు ఫ్యాక్టరీ వాళ్లు జీపులో మన తోటకు వచ్చి ఉన్నారు. వాళ్ల ఆఫీసరు తన చుట్టూ చేరిన రైతులతో, "మేము రాకముందు ఈ బంగారుపాళ్యంలో రాళ్లు తప్ప ఏమున్నాయి? మీకు మామిడి పెట్టడం నేర్పింది మా ఫ్యాక్టరీయే" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

నీ చెల్లెలు మునెమ్మత్త మాత్రం ఊరుకోలేదు.

"ఏమప్పా, నువ్వు పుట్టకముందే మా అన్న ఈడ బెంగుళూరా మామిడికి అంట్లు కట్టినాడు. కాయలుండాయనే గదా మీరొచ్చినారు?"

ఆఫీసరు నవ్వి, అత్తకు టీ ఇమ్మన్నాడు.

మొక్క ఉన్న కుండను తల్లిచెట్టు కొమ్మకు ఎత్తి కట్టి, మొక్కనూ కొమ్మనూ చెక్కి, కలిపి అరటినారతో చుట్టేవాడివి. అవి అతుక్కునేదాకా రోజూ బావినీళ్లు మోసుకొచ్చి, నిచ్చెనెక్కి ఆ కుండలో పోసేవాడివి. నిచ్చెన కింద పట్టుకున్నది నేనే. అప్పటికి ఫ్యాక్టరీ ఊసే లేదు. ఇవన్నీ తెలిసీ నేను నోరు తెరవలేదు. ఈ ఏటి కాయలు ఇంకా చెట్ల మీదే ఉన్నాయి, వాటిని కొనాల్సింది వాళ్లే. సిగ్గు కూడా వేయలేదు నాయనా, అదే ఆశ్చర్యం.

తర్వాత 'మా ఫ్యాక్టరీ పెంచిన తోట' అని రాసిన రేకు బోర్డు తెచ్చి, నువ్వు మొట్టమొదట నాటిన చెట్టుకే మేకులు కొట్టారు.

బోర్డు వంకరపోకుండా పట్టుకున్నదీ నేనే.