తిప్పతీగ కషాయం తాగకు
హెప్సీ, చిన్నమ్మమ్మకు ఒంట్లో బాగాలేదట, పొద్దున రైలుకి రేపల్లె వెళ్తున్నాను. అన్నం, పప్పు వండి పెట్టాను. టిఫిన్ తిన్నాక నీ లూపస్ మాత్రలు వేసుకో. నొప్పి తగ్గిందని మానేయకు.

పక్కింటి సువార్తమ్మత్త తిప్పతీగ కషాయం తెస్తుంది. "ఆకుమందేగా, ఏం చేస్తుందే?" అంటుంది. తాగకు. మీ బాబాయి తెచ్చిన అశ్వగంధ బిళ్లలూ వేసుకోకు. పేపర్లో వీటి గురించి చదివి భయమేసి డాక్టరమ్మను అడిగాను. ఒంటికి కాపలా కాయాల్సిన శక్తే నీ కీళ్ల మీద పడుతోందట, ఇలాంటివి దాన్ని ఇంకా రెచ్చగొట్టవచ్చట. బిళ్లల సీసా నీ సంచిలో పెట్టాను. గుంటూరు వెళ్లినప్పుడు ఆవిడకు చూపించు.

కరోనా రోజుల్లో ఆ కషాయమే అందరికీ పోసేదాన్ని. మీ తాతయ్య ముక్కు మూసుకుని, "దీనికన్నా జ్వరమే నయం మరియమ్మా" అనేవారు. తాగాక బెల్లం ముక్క కోసం నీతో పోట్లాడేవారు. ఆయన గ్లాసులో ఇప్పటికీ ఎవరికీ ఏదీ పోయను.

అమ్మమ్మ

లేపకుండా వెళ్లానని అలగకు. ఎవరిని వదిలి గడప దాటాలన్నా నాకు భయం, ఆ కషాయం పోస్తేనే ధైర్యం. నీ మొహం చూస్తే, అన్నీ తెలిసి కూడా, నేనే కాచి ఒక గుక్క తాగించేదాన్ని.