ప్రసంగం మధ్యలో సైరన్

పంపా ఉల్మో,
జూన్ నెల, నడి చలికాలం, సోమవారం.

నా బావమరిది, రొట్టెల కొట్టు యజమాని, ఊరి ఫైరింజను దళానికి జీతం లేని కెప్టెన్ అయిన రెమిహియో బార్రియాకు, కొండమీది ప్రార్థనా మందిరం నుంచి బోధకుడు అబ్దోన్ కార్కామో రాయునది. ప్రభువు నీకు శాంతినిచ్చుగాక. నాకు మాత్రం నువ్వు ఇవ్వడం లేదు.

రెండు వీధుల అవతల ఉన్నవాడికి ఉత్తరం ఎందుకంటావా? నీతో మాట్లాడకూడదని తీర్మానించుకున్నాను. రాయకూడదని తీర్మానించుకోలేదు.

వరసగా ఎన్ని ఆదివారాలు! నేను పాపులను చెయ్యి పట్టి నడిపించి, సరిగ్గా నరకం గుమ్మం దగ్గర నిలబెట్టి, లోపలి మంటలు చూపించబోతానా, నీ సైరన్ ఊళ పెడుతుంది. నువ్వు లేస్తావు. గిటార్లు బల్లల మీద పడేసి పాటగాళ్లంతా నీ వెనకే లేస్తారు. అందరూ నీ దళంవాళ్లే! ఏలీయా కర్మెలు కొండ మీదికి ఆకాశం నుంచి అగ్నిని దింపినప్పుడు ఎవడైనా ఆర్పడానికి పరుగెత్తుకొచ్చాడా?

సైరన్ మోగగానే మీ అక్క నోల్ఫా ముఖం పాలిపోతోంది. తల వంచేసుకుంటోంది. తమ్ముడి నిర్వాకానికి ఆడకూతురు ఎంత సిగ్గుపడుతోందో చూడు.

ఆదివారం ప్రార్థన అయ్యేదాకా ఆ సైరన్ నోరు మూయించు.

సత్యం కోసం గొంతు పోగొట్టుకున్న,
అబ్దోన్

తా.క. కోపం నీ మీదే, నీ రొట్టె మీద కాదు. రోజూ పంపేది పంపు.

*

బుధవారం.

బావగారికి, రొట్టె సంచీలో ఈ కాగితం పెట్టి రెమిహియో చేయు వందనాలు.

మీ ఉత్తరం నేను ఒకసారి చదివాను. మా ఆవిడ దెల్మిరా, నలుగురు ఆడపిల్లలూ మీ గొంతు పెట్టి మళ్లీ మళ్లీ చదివారు. ఇల్లంతా నవ్వులే. అందుకు మీకు రుణపడి ఉంటాను.

ఏలీయా గారు నిప్పు అడిగే ముందే బలిపీఠం మీద కడవలకొద్దీ నీళ్లు పోయించారు కదా బావగారూ. అంత ముందుజాగ్రత్త మన ఊళ్లో ఎవరికీ లేదు. మా బాధంతా అదే.

సంగతేమిటంటే, అంటుకుంటున్నది ఒకే ఇల్లు. ప్రతి ఆదివారం అదే. ఇనుప పొయ్యి కడుపు నిండా కట్టెలు, పొగగొట్టం ఎర్రగా కాలి ఉంటుంది. ఇంట్లో ఎవరూ ఉండరు. పక్కింటివాళ్లు చూసి కబురు చేస్తే సైరన్ మోగుతుంది. అది ఎవరి ఇల్లో చెప్పను. ఆ ఇంటావిడ నా చేతులు పట్టుకుని ఏడ్చింది. "నేను పెట్టింది రెండే కట్టెలురా. రెండంటే రెండే. మీరొచ్చి చూస్తే పొయ్యి నిండా ఉంటున్నాయంటున్నారు. నాకు మతి పోతోంది. మా ఆయనకి చెప్పకు, నీకు దణ్ణం పెడతా" అంది. వాళ్ల ఇంట్లో పెద్దావిడ ఒకరికి ఇలాగే మొదలై, చివరికి కన్నపిల్లల పేర్లు కూడా మరిచిపోయింది. అందుకని ఆవిడకు హడలు. నేను మాటిచ్చాను.

ప్రసంగం కాస్త ముందు ముగిస్తే ఆవిడ వేళకు ఇల్లు చేరుతుంది. ఆలోచించండి.

మీ తమ్ముడిలాంటి,
రెమిహియో

తా.క. దెల్మిరా రాయమంటోంది: పౌలు గారి ప్రసంగంలో నిద్రపోయి కిటికీలోంచి పడింది ఐతుకు ఒక్కడే, అతన్ని ఆయన బతికించారు. మీరు ఎంతమందిని బతికించాల్సి ఉందో బల్లలకేసి ఓసారి చూసుకోమంటోంది.

*

మంగళవారం.

అబద్ధాల రొట్టె కాల్చే రెమిహియోకు,

ముందు నీ మాట నమ్మాను. ఆ తల్లి కోసం మోకరించి కన్నీళ్లు కార్చాను. కానీ ఆ మొగుడు! వారం వారం సొంత ఇల్లు అంటుకుంటుంటే తెలియని మొగుడా! బిలాము గాడిదకే దారిలో దేవదూత కనిపించాడు, వీడికి తన ఇంటి పొగ కనిపించదా? నా సంఘంలో ఇంత మొద్దు ఎవడా అని వెతికాను. మూడో బల్లలో కునికే మాన్సిల్లాను ప్రసంగం మధ్యలో నిలబెట్టి, "నీ ఇల్లు కాలుతుంటే నిద్రపోతావా?" అని గద్దించాను. పాపం ఆయన వానలో ఇంటిదాకా పరుగెత్తాడు. ఇల్లు చల్లగా ఉందట. ఇప్పుడు ఆయనకు జలుబు.

ఊళ్లో ఎవరిని అడిగినా నా ముఖం చూసి వాన గురించి మాట్లాడుతున్నారు. కొట్టు నడిపే ఒతీలియా అయితే ఉల్లిపాయల బస్తాలో తల దూర్చేసింది. అప్పుడు కళ్లు తెరుచుకున్నాయి. మంటా లేదు, మన్నూ లేదు! మొన్న ఆదివారం నువ్వు తిరిగొచ్చినప్పుడు నీ మీసాలకు కోడి పులుసు అంటుకుని ఉంది. నేను కళ్లారా చూశాను! నా ప్రసంగం తప్పించుకుని మీరంతా ఎక్కడో భోజనానికి కూర్చుంటున్నారు. సైరన్ మీ అన్నం గంట!

మేయరుకు విన్నపం ఇచ్చాను. సంతకం అయిపోయింది. ఈ ఆదివారం నుంచి ప్రార్థన వేళల్లో సైరన్ మోగదు.

ఎవరికీ జంకని,
అబ్దోన్

తా.క. ఈ గొడవతో మీ అక్క మనసు మనసులో లేదు. ఆదివారం పులుసు పొగ వాసన వేస్తోంది. ఆ పాపం కూడా నీ ఖాతాలోనే రాసుకో.

*

శుక్రవారం.

బావగారికి వందనాలు.

మేయరు మాట కాదనను. సైరన్ తాడు విప్పేశాం. కానీ ఆ ఇంటిని బూడిద కానివ్వలేను. ఈ ఆదివారం నేను ప్రార్థనకు రాలేను, వెళ్లి ఆ పొయ్యి దగ్గరే కూర్చుంటాను.

ఒక్కటే వెలితి. మా చిన్నది ఆ రోజు మొదటిసారి అందరి ముందు ఒక్కతే పాడుతోంది. నెల రోజులుగా పిండి కలుపుతూ ఇద్దరం సాధన చేశాం. నేను ఉండను కనుక మీరే నా బదులు గట్టిగా ఒక హల్లెలూయ అనండి. మీ గొంతు పెద్దది.

రెమిహియో

తా.క. మీసాల మీద పులుసు నిజమే. కుండ దింపుతూ రుచి చూశాను. ఉప్పు తక్కువైంది.

*

సోమవారం, తెల్లవారుతూనే.

నా తమ్ముడు రెమిహియోకు, ముఖం చూపించలేక మీ తలుపు కింద నుంచి ఈ కాగితం తోస్తున్న అబ్దోన్ రాయునది.

నిన్న సైరన్ లేదు. నేను యెరికో గోడలు కూల్చినవాడిలా ఇంటికొచ్చాను. తలుపు తీస్తే నా వంటింట్లో నువ్వు, చేతిలో నా గరిటె! "దొరికావురా తిండిపోతా!" అని గొడుగుతో బాదాను. నువ్వు "నెమ్మది బావగారూ, కుండ వేడిగా ఉంది" అని మాత్రం అని, టోపీ కూడా తీసుకోకుండా వానలోకి వెళ్లిపోయావు.

ఆ తర్వాత ఏం జరిగిందో నీకు తెలియదు. విను.

నోల్ఫా వచ్చింది. నువ్వు పొయ్యిలోంచి లాగి బకెట్లో ఆర్పిన కట్టెలు చూసి నేల మీద కూలబడింది. "మళ్లీనా! రెండే పెట్టానయ్యా, దేవుడి తోడు, రెండే!" అని ఏడుస్తూ మొత్తం చెప్పేసింది.  ఆదివారం తలుపు దగ్గరికి వేసి ఆఖరున బయల్దేరేది నేను. నా ప్రసంగం సంగతి నాకు తెలుసు కదా. రెండు కట్టెలు దానికి ఏ మూలకి? బుద్ధిగల కన్యకలు దివిటీలకు నూనె మిగులుగా తీసుకెళ్లారు. నేను పులుసు వేడిగా ఉండాలని వారం వారం పొయ్యి నిండా కట్టెలు కూరి వెళ్తున్నాను!

చెప్పేశాను. నోల్ఫా కళ్లు తుడుచుకుంది. తర్వాత లేచి, "నాకు మతి పోలేదు! నాకు పోలేదు!" అంటూ సముద్రం దాటిన మిర్యాములా వంటిల్లంతా గంతులేసింది. ఆ తర్వాత పొయ్యి కదిపే ఇనుప కడ్డీ అందుకుంది. దాని గురించి రాయను.

నేను వెతుకుతున్న మొద్దు దొరికాడు. మాన్సిల్లాకు క్షమాపణ చెప్పాను. మేయరును నిద్ర లేపి సంతకం కొట్టేయించాను. నా ఇంటిని నిలబెట్టావు. నా భార్య పరువు నా నుంచే కాపాడావు. వానలో దెబ్బలు తిని కూడా ఆ మాట బయటపెట్టలేదు. నీ మేలు నా నోటితో చెప్పలేను. ఇలా రాయడం నాకు ఇదే మొదటిసారి.

నీ కూతురు బాగా పాడింది. కోపంలో ఉండి నేను హల్లెలూయ అనలేదు. అందుకే ఈ ఆదివారం ఆ పిల్ల మళ్లీ పాడుతుంది. నువ్వు మొదటి బల్లలో కూర్చోవాలి. నడుమ సైరన్ మోగితే వెళ్లిరా. పాట ఆపి అందరం అలాగే కూర్చుంటాం. నువ్వు వచ్చాకే మళ్లీ మొదలు.

నీకు కృతజ్ఞుడైన బావ,
అబ్దోన్

తా.క. నిన్న సాయంత్రం కూడికలో గంటలోపే ఆమేన్ అన్నాను. ఎవరూ లేవలేదు. ఊపిరి పీల్చుకోవడానికి ఆగాననుకున్నారట.