బార్బర్ షాపు అద్దంలో కంప్యూటర్

జులై 6, ఆదివారం
మా జిరాక్స్ షాపు మూత. పొద్దంతా కంప్యూటర్‌లో ఆటే. ఆ పాత రిపేరు దుకాణం ఆటలో ఇవాళ "డోరా" అనే కంప్యూటర్ రిపేరుకొచ్చింది. పేరు ఉత్తదే, ఆట చేసినవాళ్ళు కల్పించింది. కానీ కుడి పక్కన ఫ్లాపీ పెట్టే గాటు, ఆ వాలు, ఆ లేత రంగు – చూడగానే తెలిసిపోయింది. ఎనభైల నాటి అమిగా 500. లావణ్యకు ఫోటో పెట్టాను. సిరిసిల్ల నుంచి వెంటనే ఫోన్, వెనక వాళ్ళింటి సాంచాల, అదే మరమగ్గాల చప్పుడు. "అక్కా, గదే! అమిగనే! అవును!" ఇద్దరం అవునంటేనే పెట్టాలని మా నియమం కదా. పెట్టేశాం. మా పేజీలో ఎడమ వైపు ఆట బొమ్మ, కుడి వైపు అసలు మోడల్.

జగిత్యాలలో టైపు నేర్చుకున్న రోజుల నుంచీ లావణ్యకు నేనే అక్కను. నా సొంత చెల్లెలు కూడా అంత ప్రేమగా పిలవదు.

జులై 8
పేజీ కింద కామెంట్లలో ఎవరో కవిత అట. జగిత్యాలలో పాలిటెక్నిక్ మేడం. "మా ఇంట్లో నిజం స్పెక్ట్రమ్ కంప్యూటర్ ఉంది, చూడడానికి రండి" అని రాసింది. రండి అంటే ఇద్దరినీ అనుకున్నాను.

జులై 10
లావణ్య ఒక్కతే చూసి వచ్చింది. ఏదో పని మీద జగిత్యాల పోయిందట, అట్నుంచి అటే వాళ్ళింటికి.
"వాళ్ల మామ అప్పట్ల దుబాయ్ నుంచి తెచ్చిండట అక్కా. కీలన్ని రబ్బరువి. ఒత్తుతుంటే మెత్తగ..."
జగిత్యాల నుంచి మా కోరుట్ల ఎంత దూరమని? ఒక్క ఫోన్ కొడితే షాపు షట్టర్ దింపేసి వచ్చేదాన్ని. స్పెక్ట్రమ్‌ను ఫోటోల్లో తప్ప చూడలేదు నేను. లావణ్య ముట్టుకుంది.
"కవితక్క చాయ్ గూడ పోసింది" అంది చివర్లో.
కవితక్క!

జులై 11
కడుపు మండుతోంది. రాస్తే తగ్గుతుందేమో అనుకున్నాను. తగ్గలేదు.

జులై 13
పెళ్ళికార్డు కంపోజింగ్. మధ్యలో లావణ్యకు ఫోన్ చేస్తే బిజీ. మళ్ళీ చేస్తే బిజీ. ఎవరితోనో నాకు తెలుసు. పెళ్ళికొడుకు ఇంటిపేరు తప్పు కొట్టాను, వాళ్ళ నాన్న గట్టిగానే అన్నాడు.

జులై 14
ఆటలో మాకు దొరక్కుండా మిగిలిన ఒకే ఒక్క కంప్యూటర్... బయటపడింది. లావణ్యకే. రిపేరు దుకాణం ఎదురుగా బార్బర్ షాపు ఉంటుంది. అందులో మన మనిషిని కుర్చీలో కూర్చోబెడితే అద్దంలో కనిపిస్తుందట. తెర, కీబోర్డు, క్యాసెట్ పెట్టే చోటు అన్నీ ఒకే డబ్బాలో. అద్దం అంచులు కత్తిరించి బొమ్మ పంపింది. క్యాసెట్ ఎడమ వైపు.
"పెట్ 2001 అక్కా! కవితక్క గూడ అవునన్నది."
అంటే ఇద్దరి అవునులూ అయిపోయాయి. నన్ను అడగకముందే. ఇక నేనెందుకు?

జులై 15
కాఫీ మగ్గుల మీద వేసే ఫోటోలు ప్రింట్ తీస్తున్నాను. బొమ్మను తిప్పి తీయాలి, లేకపోతే మగ్గు మీద అక్షరాలు ఉల్టా పడతాయి. తీస్తూ తీస్తూ చెయ్యి ఆగిపోయింది. అద్దం! లావణ్య పంపింది అద్దంలోని బొమ్మ కదా!

షాపులోనే ఆట తెరిచాను. అదే కుర్చీలో కూర్చోబెట్టాను. అద్దంలో వెనక గోడ గడియారం అంకెలు కూడా ఉల్టానే. బొమ్మ తిప్పాను. క్యాసెట్ కుడి వైపుకు వచ్చింది – అదీ కీబోర్డు పక్కన కాదు, తెర పక్కన. పెట్ కాదు. జపాన్ వాళ్ళ ఎంజెడ్-80కె. అసలు ఫోటో పక్కన పెట్టి చూశాను, అచ్చు అదే.

లావణ్య ఎలా పొరబడింది? మగ్గం మీద చీర మంచి వైపు కిందికి ఉంటుంది. పైకి కనిపించే ఉల్టా వైపు చూసి డిజైన్ చెప్పేస్తుంది తను. ఈసారి బొమ్మను సరిగా చూడనే లేదు. కవితకు చూపించాలన్న తొందర.

సంతోషం వేసింది. అబద్ధమెందుకు, చాలా సంతోషం వేసింది.

జులై 16
శనివారం పాలిటెక్నిక్‌లో విద్యార్థుల ముందు ఈ పాత కంప్యూటర్ల గురించి మాట్లాడమని కవిత పిలిచిందట, లావణ్యను. ఇంటర్‌తోనే చదువు ఆగిన మనిషిని. "భయమైతుందక్కా. గంతమంది ముందట ఏం తప్పు మాట్లాడుతనో ఏమో." ఆఖరున చూపించేది ఆ పెట్ 2001నేనట.
నన్ను రమ్మనలేదు. "నువ్వు షాపు ఇడిచిపెట్టి రావు గదా" అంది. అడగకుండానే ఎలా తెలుసో.
చెప్పాలి. నాలుక చివరిదాకా వచ్చింది.

జులై 17
చెప్పలేదు.

జులై 18
లావణ్యే ఫోన్ చేసింది. సాంచాలు ఆపేసినట్టున్నారు, గొంతు స్పష్టంగా వినిపించింది.
"అక్కా, గా ఆఖరిది నువ్వు ఒక్కసారి మంచిగ సూడరాదు. నువ్వు అవునంటేనే సూపిస్త. కవితక్కకు గూడ గదే చెప్పిన."
అప్పుడైనా చెప్పొచ్చు. "అవును, పెట్టుకో" అన్నాను.
అందరి ముందూ ఒక్కసారి భంగపడితే ఆ మేడం మీది మోజు తీరిపోతుంది, మళ్ళీ నా దగ్గరికే వస్తుంది... అవును, అదే అనుకున్నాను. ఇక్కడ కాకపోతే ఇంకెక్కడ ఒప్పుకుంటాను.

జులై 19, శనివారం
బస్సులోంచి లావణ్య మెసేజ్. ఆఖరి స్లయిడ్ ఫోటో. బొమ్మల కింద పేర్లు – ముందు నాదే, స్వరూప, కోరుట్ల. దాని కింద తన పేరు. కవితది లేదు. "నువ్వే గదా అక్కా నాకు నేర్పింది" అని రాసింది.

గిరాకీ ఎక్కువ. చేతులు పని చేస్తున్నాయి, మనసు లేదు. ఆగలేక ఫోన్ చేశాను. ఎత్తింది కవిత. గొంతు ఇంత మెత్తగా ఉంటుందనుకోలేదు.
"స్వరూపక్కా, నేను కవితను. లావణ్య స్టేజి మీదున్నది, ఫోన్ నాకిచ్చి పోయింది. అర్జెంటా? చిట్టీ రాసి పంపుదునా?"
అవునంటే ఆమెకు చెప్పాలి. ఆమెకే!
"ఏం లేదు మేడం. ఊకెనే చేసిన."
"అయితే ఇనుండ్రి అక్కా, మస్తు మాట్లాడుతున్నది" అని ఫోన్ స్టేజి వైపు తిప్పినట్టుంది. మైకులో లావణ్య. గొంతు వణకడం లేదు. స్పెక్ట్రమ్ అయిపోయింది. అమిగా గురించి చెప్తుంటే నవ్వులు. ఇక్కడ ఎవరో ఆధార్ జిరాక్స్ అడుగుతున్నారు, ఆగమని చెయ్యి చూపించాను. ఒక చెవిన ఫోన్, ఇంకో చేత్తో ఇది రాస్తున్నాను.
"ఇగ ఆఖరిది. ఇది చెప్పేముందు మా అక్క పేరు చెప్పాలె..."
చప్పట్లు.
కవిత లైన్‌లోనే ఉంది. ఒక్క మాట చెబితే చిట్టీ ఇంకా అందుతుంది.