లోపలికి మడిచిన ముద్ద

జూన్ పన్నెండు, శుక్రవారం

చిరంజీవి ఉడుతకి,

అక్క దీవించి రాస్తున్నది. ఇక్కడ నేనూ మీ బావా బాగానే ఉన్నాం. నువ్వూ మరిదిగారూ చల్లగా ఉండాలని రోజూ దేవుడి ముందు చెప్పుకుంటూనే ఉన్నాను. తొమ్మిదేళ్లుగా కలం పట్టని అక్కకి ఇవాళ ఏం పుట్టిందా అనుకుంటావు. ఆ నల్లకారు మళ్లీ మన కార్లు కడిగే షెడ్డుకి వచ్చింది. అందుకే రాస్తున్నాను.

ఇప్పుడది డాక్టరుగారిది కాదు. ఒక సంగీతం టీచరు కొనుక్కున్నారట, మెరుపుకి వాక్స్ పెట్టమని ఇచ్చి వెళ్లారు. రెండుసార్లు కడిగాను. చూడ్డానికి అద్దంలా ఉంది. అయినా నువ్వు నేర్పినట్టే రొట్టె కవరు చేతికి తొడుక్కుని బానెట్ తడిమాను. ఉత్తచేతికి తెలియని గరుకంతా కవరులోంచి తెలిసింది. తారు చుక్కలు, చెట్టు జిగురు, ఎప్పటిదో ఇనుప రజను. నువ్వైతే కళ్లు మూసుకుని, ఇక్కడొకటి నిద్రపోతోంది, ఇదిగో ఇది దొంగనిద్ర పోతోంది అంటూ వేలితో చూపించేదానివి. నేను నవ్వితే, భక్తురాలా, పని చూడు అని దెప్పేదానివి.

సబ్బునీళ్లు చల్లి, మురికిని తనకి అంటించుకునే ఆ క్లే ముద్దతో మెల్లగా రుద్దాను. నల్లబడినప్పుడల్లా ముద్దని మడిచి, శుభ్రమైన వైపు తిప్పుకుంటూ. మొదట గరగరమంటుంది కదా, మురికి వదిలాక చప్పుడు లేకుండా జారుతుంది. అప్పుడు నువ్వు చెవి ఆనించి, ఊరుకుందక్కా అనేదానివి. ఇవాళా ఊరుకుంది. ఆ మాట చెప్పేవాళ్లే లేరు.

తుడిచి చూస్తే ఎండలో ఆ గీతలు కనిపించాయి. అప్పటివే, బానెట్ నిండా. డాక్టరుగారి ముందు మీ బావ నిన్నన్న మాట ఇంకా నా చెవుల్లోనే ఉంది.

"కింద పడి ఇసుక అంటిన ముద్దతో రుద్దావు. పైగా పడలేదని అబద్ధం కూడానా?"

నువ్వు ఏడవలేదు. నా చేతిలోంచి పడలేదు బావా అని ఒక్కసారే చెప్పి, ఏప్రన్ విప్పి మేకుకి తగిలించావు. వెళ్తూ నా వైపు చూశావు. నేను బక్కెట్లోకి చూశాను.

ఇవాళ ఆయన ఆ గీతల వెంట వేలు పోనిచ్చారు. తిడతారనుకున్నాను.

"మీ చెల్లి ఉండుంటే ఈపాటికి వాక్స్ కూడా అయిపోయేది," అని లోపలికి వెళ్లిపోయారు.

నీ ఏప్రన్ ఆ మేకుకే ఉంది. నెలకోసారి ఉతికి మళ్లీ అక్కడే తగిలిస్తున్నాను. బొత్తాం ఒకటి ఊడితే కుట్టాను కూడా. నిన్ను రమ్మని రాయాలని ఉంది, కానీ రమ్మనే నోరు నాకెక్కడిది?

ఆరోగ్యం జాగ్రత్త.

నీ
అక్క

తా.క. ఉత్తరం మడిచి కవర్లో పెట్టేశాను. మళ్లీ తీశాను. ముద్ద పడింది నా చేతిలోంచి, ఉడుతా. ఆ ముందురోజు సాయంత్రం. కింద పడ్డ ముద్ద చెత్తబుట్టకే అని మీ బావ సుద్దతో గోడ మీద రాసింది నా ఎదురుగానే ఉంది. పెట్టెలో అదే ఆఖరిది. ఆయన కేకలేస్తారని భయపడి, నీళ్లలో కడిగి, ఇసుక అంటిన వైపు లోపలికి మడిచి పెట్టెలో పెట్టేశాను. మర్నాడు నువ్వు అలవాటుగా మడత తిప్పావు, ఇసుక వైపు పైకొచ్చింది. అంతే. నువ్వు నిజమే చెబుతున్నావని అక్కడ నిలబడ్డవాళ్లలో నాకొక్కదానికే తెలుసు. తొమ్మిదేళ్లుగా దేవుడికి చెప్పుకుంటున్నాను, చెప్పాల్సిన నీకూ మీ బావకీ మాత్రం చెప్పలేదు. ఆ బానెట్‌కి ఇంకా వాక్స్ పెట్టలేదు. రేపు పొద్దున షెడ్డు తలుపు తీయగానే, ఆ గీతలు చూపించి మీ బావకి చెబుతాను. ఆ తర్వాత మీ ఇంటికి వచ్చి మరిదిగారికీ నేనే చెబుతాను. అంతవరకూ ఈ కాగితాలు దాచుకో, ఎవరికీ చూపించకు. నా తప్పు నా నోటితోనే బయటికి రానీ.